మధూలిక తలుపు తీసిందా

"కంచంలో అన్నం అట్లే పెట్టేసినావు. లేచి తిను పాపా."

"ఆకలి లేదత్తా."

శనివారం, మధ్యాహ్నం రెండు దాటిన వేళ. బద్వేలులో ఎరువుల వ్యాపారి చైతన్య ఇంటి నడవ. వీధి గ్రిల్లుకు బయటివైపు తాళం పడి ఐదు గంటలైంది. లోపల అతని తల్లి నాగలక్ష్మమ్మ, భార్య సాహితి మాత్రమే ఉన్నారు.

"పొద్దున టిఫను గూడా ముట్టలేదు నువ్వు."

"ఆయన ఫోను గుంజుకొని, గ్రిల్లుకు తాళమేసి కడపకు పోయినాడు. నువ్వు టిఫను సంగతి మాట్లాడతాండావు."

"ఫోను అన్నం పెడతాదా?"

"మూడేండ్ల నుంచి మధ్యాన్నం పూట నీకు నిద్ర పట్టిస్తాండింది ఆ ఫోన్లో నేను చదివే నవలలే గదా."

"నేను నిద్రపోతానా? కండ్లు మూసుకొని ఇంటాండా. ఒక్క మాట పోనిచ్చినానా ఎప్పుడన్నా? ఆ పిల్లోడు మధూలిక కాడికొచ్చి తప్పు ఒప్పుకునే కాడ రెండుసార్లు చదివించుకుంటి."

"మూడుసార్లు."

"మూడుసార్లే. మగోడు తప్పు ఒప్పుకునేది నేను యాడ చూసినా? మీ మామ నలభై రెండేండ్లు కాపరం చేసినాడు నాతో. నా పేరు ఆయన నోట ఇన్నది ఒక్క తూరి. అదీ ఆసుపత్రిలో చీటీ రాసే ఆమె, ఎవురొచ్చినారు నీ వెంట, పేరు చెప్పు అని అడిగితే."

"ఆ సంగతి ఎన్నిసార్లు చెప్తావత్తా."

"నువ్వు చదివేదంతా నేను ఇనలేదా? నేను చెప్పేది ఒక్కటే. అది నువ్వు ఇను."

"సరేలే. వక్కాకు సంచి తెచ్చిస్తా ఉండు, తిన్నాక నోరు ఊరకుండదు నీకు."

"వద్దు. పన్ను సలుపుతాండాది."

"ఎప్పటి నుంచి?"

"పొద్దున నుంచి. నా పన్ను సంగతి ఎందుకులే ఇప్పుడు. రేపటిది కాకుంటే ఇంకో ఆదివారం పోతువులే కర్నూలుకు. కర్నూలు యాడికీ పోదు."

"కర్నూలు పోదు. కంపెనీ వాండ్లు పోతారు. మా పుస్తకాల గుంపు ఆడోళ్ళంతా మొదటిసారి ఒక చోట కూడుతాండారని తెలిసి హైదరాబాదు నుంచి వస్తాండారు. నవలలు గొంతుతో చదివించి అమ్మే కంపెనీ. రేపు పది గంటలకు ముగ్గురి గొంతులు ఇంటారు, ఒకరిని తీసుకుంటారు. సాయంత్రం బండెక్కి పోతారు. అంతే."

"తీసుకుంటే?"

"తీసుకుంటే కర్నూల్లో ఉండి చదవాల. నెలకు ఇరవై దినాలు."

"ఇరవై దినాలు."

"చెప్తి గదా మొన్న."

"చెప్తివి. ఇరవై దినాలనే చెప్తివి."

"నువ్వే గదా అంటివి, మంచి పని, ఇంట్లో కూర్చొని ఏం చేస్తావు, పో అని. నీ కొడుకు దగ్గర నోరు విప్పొద్దని గూడా నువ్వే అంటివి."

"అంటిలే. కాదన్నానా? వాడేమన్నాడు పొద్దున?"

"నువ్వు ఈడనే ఉంటివి."

"నేను పెరట్లో బట్టలు ఆరేస్తాంటి."

"ఆయనకు అన్నీ తెలుసు. ఈ సాయంత్రం ఐదు గంటల బస్సు తెలుసు. మైదుకూరులో మా చిన్నమ్మకు బాగలేదని చెప్పి పోదామనుకున్నది తెలుసు. కంపెనీ సంగతి తెలుసు. అరవలేదత్తా. అరిచింటే బాగుండు. అంగట్లో రైతుకు మందు ఎట్లా చల్లాల్నో చెప్పినట్టు, ఒకటి తర్వాత ఒకటి, నిదానంగా చెప్పినాడు. పచ్చ పట్టుచీర కట్టుకొని స్టేజీ ఎక్కి పరాయోళ్ళ ముందర ప్రేమ కథలు చదువుదామనుకున్నావా అన్నాడు. ఫోను ఇమ్మన్నాడు. ఇచ్చినా."

"ఎందుకిస్తివి?"

"ఆయన చెయ్యి చాపి నిలబడినాడు. ఎంతసేపైనా నిలబడేటట్టే ఉండినాడు."

"ఎవురు చెప్పినారని అడగలేదా?"

"అడిగితి. మీ గుంపులో ఆడోళ్ళే, నీ మీద కుళ్ళుతో చెప్పినారు అన్నాడు."

"ఇంకేముండాది మరి. నేను ముందు నుంచీ అనుకుంటానే ఉండా. ముఖం చూసి ఎరగవు, ఊరు చూసి ఎరగవు. ఇరవై వేల మంది ఆడోళ్ళు ఆ ఫోన్లో చేరి ఏం చేస్తారు, ఊరికే?"

"చదువుతారత్తా. చదివింది చెప్పుకుంటారు. 'పుటల చాటు' అని దాని పేరు. కువైట్లో షేకు ఇంట్లో పనిచేసే రాయచోటి ఆమె ఒకరు ఉండారు. ఆ ఇంట్లో ఆమెకు తలుపు వేసుకునే చోటు స్నానాల గది ఒక్కటే. నీళ్ళు ఇడిచిపెట్టి, ఆ చప్పుడులో కూర్చొని దినానికి పది పేజీలు చదువుతాది. నంద్యాల నర్సు ఒకామె డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు బస్సులో చదివి, స్టాపు దాటిపోయి, వెనక్కి నడిచి వస్తాది. శుక్రవారం శుక్రవారం ఒక ఆట ఉంటాది. యా నవల్లో నుంచైనా ఒక ముక్క, పేర్లు తీసేసి గొంతుతో చదివి పెడతారు. అది యా నవలో చెప్పాల. నాలుగేండ్లలో నేను ఒక్క తూరి గూడా ఓడిపోలేదు."

"ఓడిపోకుంటే ఏమిస్తారు?"

"ఏమీ ఇయ్యరు. 'సాహితి చెప్పేసింది' అంటారు."

"అంతేనా?"

"ఈ ఇంట్లో నేను గెలిచినానని ఎవురన్నా అన్నారా అత్తా, దేనికైనా?"

"వాడు అనేది గూడా ఒకటుండాదిలే. మొగుని ఇంట్లో కూర్చొని మగోళ్ళ ప్రేమ కథలు చదవడమేంది అని."

"ఆ మగోళ్ళ కోసం చదువుతామా మేము? నాలుగొందల పేజీల్లో యాడో ఒక కాడ ఆ మనిషి ఆగి, నీకేం కావాల అని ఆమెను అడుగుతాడు. ఆ ఒక్క పేజీ కోసం మిగిలిన మున్నూట తొంభై తొమ్మిది పేజీలు ఓర్చుకుంటాము."

"అడిగితే ఇస్తాడా?"

"ఇయ్యకపోయినా అడుగుతాడు."

"ఏమోమ్మా. ముందు చదివినవాటిలో హీరోలకు పనీ పాటా లేదు. సేద్యం లేదు, అంగడి లేదు. పొద్దస్తమానం మేడ మీద కిటికీ కాడ నిలబడి వాన చూస్తాంటాడు. మన పక్క అంత వాన యాడుండాది చూసేకి? ఈ మధూలిక కథలో పిల్లోడు నయం. బోరుబండి మీద పనిచేస్తాడు. ఏడొందల అడుగులు పోయినా నీళ్ళు పడకపోతే రైతు ముఖం చూడలేక బండి వెనక్కి పోయి నిలబడతాడు. అది మనిషి చేసే పని. దీన్ని రాసిన ఆమె మన పక్క ఆమె ఉంటాది."

"ఉంటాదేమో."

"ఏం పేరు ఆమెది?"

"చెప్పినా గదా ఒకసారి. మర్చిపోయింటావు. అత్తా, హంపమ్మక్క చెప్పింటాదంటావా?"

"యా హంపమ్మ? ఓర్వకల్లులో జాకెట్లు కుట్టే ఆమెనా?"

"ఆమే. గుంపు పెట్టింది ఆమే. మిషను తొక్కుకుంటా చెవిలో నవలలు ఇంటాది. రేపటి కూటాన్ని కుదిర్చింది ఆమె, కంపెనీ వాండ్లకు నా గొంతు పంపింది ఆమె. ఆమెకు అన్నీ చెప్పినా. బస్సు టైముతో సహా."

"అయితే ఆమే. ఇంకెవురు?"

"ఆమెకేం వస్తాది?"

"నీకంటే ముందు ఆమె గొంతు ఇనిపించుకోవాలని ఉండదా? నువ్వు పోకుంటే ఒక చోటు ఖాళీ అయితాది గదా. నవలల్లో చూడలేదా ఇట్లాంటోళ్ళను, అక్కా అక్కా అని పిలిపించుకొని కొంప ముంచేటోళ్ళను?"

"ఆమె అట్లా చేయదు."

"ముఖం చూసినావా?"

"చూడలేదు."

"మరి?"

"నా పుట్టినదినం ఈ ఇంట్లో ఎవురికీ గుర్తు లేనప్పుడు ఆమె పొద్దున్నే మెసేజి పెట్టింది."

"మెసేజి పెట్టడానికి ఏం పోయింది. ఇదో, నా ఫోను. నంబరు నోటికి వచ్చునా? వస్తే చెయ్యి. చేసి, మొగమాటం లేకుండా అడిగి, నీకూ నాకూ సరి అని చెప్పి పెట్టేయ్. ఆ గుంపూ వద్దు, ఆ గోలా వద్దు. మనిద్దరం ఎప్పటి మాదిరి ఈడ కూర్చొని చదువుకుందాం."

"అడగమంటావా?"

"అడుగు."

నాగలక్ష్మమ్మది బటన్ల ఫోను. చెవి దగ్గర పెట్టుకున్నా గది అంతటా వినిపిస్తుంది.

"ఎవురు మాట్లాడేది?"

"అక్కా, నేను సాహితిని. మా అత్త ఫోను ఇది."

"నువ్వా తల్లీ. యా నంబరో అనుకుంటి. పొద్దున నుంచి నీకు చేస్తాండా, ఆపేసినారని వస్తాండాది. రాత్రికి బస్టాండులో దిగి ఆటో ఎక్కినాక..."

"అక్కా, ఒక మాట అడగాల నిన్ను."

"అడుగు."

"నా సంగతి మా ఇంటాయనకు నువ్వు చెప్పినావా?"

"ఏమంటివి?"

"ఆయనకు అంతా తెలిసిపోయింది. ఫోను తీసుకున్నాడు. గ్రిల్లుకు తాళమేసి పోయినాడు, రేపు రాత్రికి గాని రాడు. గుంపులో వాళ్ళే చెప్పినారన్నాడు. గుంపులో నీకు తప్ప ఎవురికీ నేను చెప్పలేదు."

"మీ ఇంటాయన నంబరు నాకు యాడిది? ఆయన పేరు గూడా నాకు తెలీదే. నాలుగేండ్ల నుంచి 'మా ఇంటాయన' అనే గదా నువ్వు చెప్పేది."

"ఎట్లో తెలుసుకునింటావు. బస్సు తెలుసు ఆయనకు, చిన్నమ్మ సాకు తెలుసు. ఆఖరికి పచ్చ పట్టుచీర కట్టుకుంటానని గూడా తెలుసు."

"పచ్చ చీరా? ఏం పచ్చ చీర?"

"రేపు కట్టుకునేది."

"నువ్వు కట్టుకుంటానన్నది నీలం చీర తల్లీ. బుధవారం ఫోటో పంపినావు. ఆ నీలానికి సరిపోయే గుడ్డ కోసం ఓర్వకల్లు నుంచి కర్నూలుకు పోయి, మూడు అంగళ్ళు తిరిగి తెచ్చి, నీకు చెప్పకుండా కుడదామనుకొని కుట్టినా. నిన్న హుక్కులు గూడా అయిపోయినాయి. ఇదో, మిషను మీదనే ఉండాది. పచ్చ చీర అని నాకు తెలిసింటే నీలం జాకెట్టు ఎందుకు కుడతా? సాహితీ. ఉండావా?"

"ఉండా అక్కా."

"ఏడుస్తాండావా?"

"లేదు."

"ఆ తాళం చెయ్యికి అందుతాదా?"

"కడ్డీల సందులో చెయ్యి పెడితే అందుతాది. తాళంచెవి లేదు."

"ఇంట్లో ఇంకొకటి ఉండదా? యా ఇంట్లోనైనా ఉంటాది. ఎతుకు. కంపెనీ వాండ్లు నిన్ననే దిగినారు. నువ్వు పోయిన నెల పెట్టిన ముక్క, అదే, బోరుబండి పిల్లోడు తప్పు ఒప్పుకునేది, అది యా నవల్లోదని నన్ను చంపుతాండారు. ఇరవై వేల మందిలో ఒక్కరు చెప్పలేకపోయిరి."

"రేపు చెప్తానంటి గదా."

"రేపంటే రావాల గదా నువ్వు. నన్ను అనుమానపడినావు. దానికి తర్వాత ఏడుస్తాలే, ఇప్పుడు టైము లేదు. పదికి నీ పేరు పిలుస్తారు. పది దాటితే రెండో పేరు. నేను చేయగలిగింది ఏమీ లేదు. పెట్టేస్తాండా."

సాహితి ఫోను అత్త చేతికి తిరిగి ఇచ్చింది. పెద్దావిడ దాన్ని ఒళ్ళో పెట్టుకొని మాట అందుకుంది.

"శానా తెలివైన ఆమె. ఎట్లా మాట మార్చిందో చూడు."

"అత్తా."

"ఏంది?"

"మొన్న బేస్తవారం మధ్యాన్నం నువ్వే పెట్టె తీసినావు."

"యా పెట్టె?"

"నీ పెండ్లి పెట్టె. నీలం నీకు నప్పదు, మనిషి చిక్కినట్టు కనపడతావు అంటివి. ధర్మవరం పచ్చ చీర తీసి నా భుజం మీద ఏసి చూసినావు. అది నేను హంపమ్మక్కకు చెప్పలేదు. కర్నూల్లో దిగి ఒకేసారి చూపిద్దామనుకుంటి. ఆ చీర సంగతి నీకూ నాకూ తప్ప ఈ లోకంలో ఎవురికీ తెలీదు."

"వాడే పెట్టె తీసి చూసింటాడు."

"పెట్టె తాళం నీ మెడలో ఉండాది."

"ఏమో మరి."

"అత్తా."

"అట్లా పిలవద్దు. ఊరికే అత్తా అత్తా అని. అరిస్తే అరువు."

"నేను అరవను. అడుగుతాండా. నువ్వు చెప్పినావా?"

"ఆ చీర నేను మనసారా ఇచ్చినా. అది నమ్ము."

"నమ్ముతా."

"పోవాలనే ఇచ్చినా. నా చీర అన్నా స్టేజీ ఎక్కుతాదిలే అనుకుంటి. నిన్న మధ్యాన్నం నువ్వు మధూలిక సంచి పట్టుకొని, తలుపు గొళ్ళెం మీద చెయ్యి పెట్టిన కాడ ఆపేస్తివి. మిగిలింది రేపు అంటివి. మంచం మీద పడుకొని అదే చూస్తాండా. ఆ పిల్ల చెయ్యే. ఇనుప గొళ్ళెం, తెల్లారుజాము, చల్లగా ఉంటాది. అప్పుడు గుర్తుకొచ్చింది, ఎల్లుండి నుంచి ఇంక నాకు చెప్పేవాళ్ళు లేరని. నెలకు ఇరవై దినాలు. నాకు అక్షరం రాదు. నా కొడుకు ఇంట్లోకొస్తే రెండే మాటలు, కూరేంది, కరెంటు పోయిందా. నీకు ఇరవై వేల మంది ఉండారు పాపా. నాకు నువ్వొక్కదానివే ఉండావు."

"అందుకని చెప్పినావు."

"పోవద్దని గట్టిగా అంటాడనుకుంటి. తాళమేస్తాడనుకోలేదు."

"వేసినాక?"

"వేసినాక ఏంది?"

"పన్ను సలుపుతాండాదంటివి. వక్కాకు వద్దంటివి. మరి పొద్దున నుంచి ఆ వక్కాకు సంచి నడుముకు చెక్కుకొని, దాని మీద చెయ్యి తీయకుండా ఎందుకు కూర్చున్నావు?"

"ఊరికే."

"తాళంచెవి ఆయన కడపకు తీసుకుపోలేదు, కదా."

"నా చేతికే ఇచ్చి పోయినాడు. ఇల్లు కాలినా ఏమన్నా అయినా తీసేకి ఉండాల గదా అని."

"ఇయ్యత్తా. ఐదు గంటల బస్సు ఉండాది ఇంకా."

"ఇస్తా. నేనేమన్నా రాక్షసినా? ఇస్తా. ఈ కథ అయిపోనీ ముందు. ఎన్ని భాగాలుండాయి ఇంకా?"

"నలభై ఉంటాయేమో."

"దినానికి రెండు చదివితే నెల పట్టదు. అది అయిపోయినాక నీ ఇష్టం, యాడికన్నా పో. నేనే తాళం తీస్తా. వానితో నేనే మాట్లాడతా. ముందు ఆ పిల్ల తలుపు తీసిందా లేదా, అది చెప్పు."

"ఫోను లేదు."

"ముందే చదివింటావులే నువ్వు. మొన్న కరెంటు పోయి ఫోను ఆరిపోయినప్పుడు గూడా గడగడా చదివినావు. తెర నల్లగా ఉండింది. నాకు అక్షరం రాకపోయినా అది తెలీదా? అంతా నోటికే వచ్చు నీకు."

"చదవలేదత్తా. దాన్ని ఎవురూ చదవలేదు."

"అంటే?"

"నవలలొచ్చే ఆ యాప్‌ను పోయిన ఉగాదికే నీ కొడుకు తీసేయించినాడు. గుంపొక్కటే మిగిలింది. ఆ దినం మధ్యాన్నం నువ్వు ఎప్పటి మాదిరి గోడకు ఆనుకొని, కండ్లు మూసుకొని, ఊ అంటివి. లేదని చెప్పేకి నాకు నోరు రాలేదు. నల్లటి తెర చూసుకుంటా మధూలిక అని ఒక పేరు చెప్తి. ఏడాది అయింది."

"ఆ బోరుబండి పిల్లోడు?"

"నేనే."

"వాడు తప్పు ఒప్పుకునింది?"

"నువ్వు రెండోసారి అడిగినప్పుడు ఇంకొంచెం కలిపినా. మూడోసారి ఇంకొంచెం."

"మరి ఆ పిల్ల. గొళ్ళెం మీద చెయ్యి పెట్టి నిలబడింది గదా. తీస్తాదా?"

"తీయదత్తా. నేను ఈ ఇంట్లో ఉన్నన్ని దినాలు తీయదు."